శొంఠి కషాయము – చక్కెర వ్యాధి

"శొంఠి లేని కషాయము లేదు" అని మన పెద్దల సామెత. జలుబు చేసినను, అజీర్ణము కలిగినను, బాలింతకు పథ్యము పెట్టవలసివచ్చినను మన యిండ్లలో ముందుగా వెదకునది శొంఠికొమ్మునే. ఇటీవలి కాలమున ఈ జాబితాలోనికి మరియొక వ్యాధి వచ్చి చేరినది. అది మధుమేహము. చక్కెర వ్యాధి యనియు, షుగరు అనియు మనము వాడుకలో పిలుచునది దీనినే.

ఒకనాడు తరగతిలో పిండిపదార్థములను గూర్చి పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిని లేచి నిలుచుండెను. వారి అమ్మమ్మగారికి చాల యేండ్లుగా చక్కెర వ్యాధి కలదట. ఉదయము, సాయంత్రము శొంఠి కషాయము త్రాగిన చాలునని ఎవరో చెప్పగా, ఆమె వైద్యుడిచ్చిన మాత్రలను మానివేసినదట. "అది మంచిదేనా, మాస్టారూ?" అని ఆ బాలిక అడిగెను.

మాత్రలు మానరాదని ఆనాడే చెప్పితిని. కాని ఆ మాటకు కారణము చెప్పవలెనన్న, ఒక మొక్క ఒక వ్యాధికి మందు అగునో కాదో మానవుడు ఏ విధముగ తేల్చుకొనుచున్నాడో చెప్పవలసియుండును. అది రెండువేల యేండ్లకు పైబడిన కథ. ఆ కథను ఇచట క్లుప్తముగా వివరింతును.

తేనెవంటి మూత్రము

మధుమేహము మన దేశమున ప్రాచీనకాలము నుండియు తెలిసిన వ్యాధియే. చరక, సుశ్రుత సంహితలు ప్రమేహమను పేరుతో ఇరువది విధముల మూత్రవ్యాధులను వర్ణించినవి. అందు మూత్రము తేనెవలె తియ్యగానుండు వ్యాధికి మధుమేహమని పేరు. రోగి మూత్రమునకు చీమలు మూగుటను ఆనాటి వైద్యులు గమనించిరి. పరికరములు లేని కాలమున ఇంతకంటె చక్కని పరీక్ష ఏముండును?

సుశ్రుతుడు ఈ వ్యాధిని రెండు తరగతులుగా విభజించెను. పుట్టుకతో వచ్చునది ఒకటి. అపథ్యమువలన, అనగా ఆహారవిహారములలోని దోషమువలన వచ్చునది రెండవది. మొదటి తరగతి రోగులు సామాన్యముగా కృశించియుందురు; రెండవ తరగతివారు స్థూలకాయులుగా నుందురు. నేడు వైద్యులు చెప్పు టైపు 1, టైపు 2 అను విభాగమునకు ఇది అచ్చముగా సమానము కాదు. అయినను పరిశీలనలోని సూక్ష్మతకు ఆశ్చర్యపడకుండ నుండలేము. సుశ్రుతుని చికిత్సయు గమనింపదగినది. ధనహీనుడైన రోగి చెప్పులు, గొడుగు లేక నూరు యోజనములు నడువవలెననియు, ఆవులవెంట తిరుగవలెననియు, బావి త్రవ్వవలెననియు అందు విధింపబడినది. నేటి వైద్యుడు చెప్పు వ్యాయామము దీనిముందు చాల తేలికయైనది!

పాశ్చాత్య దేశములలో క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమునకు చెందిన అరెటయస్ అను గ్రీకు వైద్యుడు, ఈ వ్యాధిలో మాంసము కరగి మూత్రరూపమున వెడలిపోవునని వ్రాసెను. 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రమునకు తీపిరుచి కలదని నమోదు చేసెను. ఆ తీపికి కారణము చక్కెరయేయని 1776లో లివర్‌పూలు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ప్రయోగపూర్వకముగా చూపెను. అతడు రోగి మూత్రమును ఆవిరిచేయగా, అడుగున రుచికిని వాసనకును చక్కెరనుపోలిన పదార్థము మిగిలెను. అంతేకాదు, రోగి రక్తపు సీరము కూడ తియ్యగానుండుటను అతడు కనుగొనెను. కనుక చక్కెర మూత్రపిండములలో పుట్టుటలేదు. అది రక్తములోనే అధికమై మూత్రములోనికి పొంగిపొర్లుచున్నది.

రక్తములో చక్కెర ఏల అధికమగును? 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మిన్‌కోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనువారు ఒక కుక్క శరీరమునుండి క్లోమమును తొలగింపగా, దానికి మధుమేహము వచ్చెను. 1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్టు అను పరిశోధకులు మెక్లియడ్ ఆచార్యుని ప్రయోగశాలలో క్లోమమునుండి ఒక రసమును తీసిరి. కోలిప్ అను రసాయనవేత్త దానిని శుద్ధిచేసెను. అదియే ఇన్సులిన్.

1922 జనవరి 11వ తేదీన లియొనార్డ్ థాంప్సన్ అను 14 సంవత్సరముల బాలునికి దానిని సూదిమందుగా ఇచ్చిరి. మొదటి మందు శుద్ధముగా లేనందున తగిన గుణము కనిపింపలేదు. జనవరి 23వ తేదీనుండి శుద్ధిచేసిన మందు నిచ్చిరి. రక్తములోని చక్కెర దిగివచ్చెను. మరణమునకు చేరువలోనున్న ఆ బాలుడు మరి పదమూడు సంవత్సరములు జీవించెను. అంతకు ముందు ఈ వ్యాధి సోకిన బాలబాలికలకు బ్రదుకు మీద ఆశ లేకుండెను. ఈ సంగతిని మనము చివరివరకు జ్ఞాపకముంచుకొనవలెను.

విశ్వభేషజము

ఇక అల్లము సంగతి. ఇది ఆసియాఖండమున పుట్టిన మొక్క. అడవిలో తనంతట తాను పెరుగు అల్లము నేడు ఎచటను కానరాదు. మానవుడు నాటిననే మొలచును. మనము వేరు అని భావించు భాగము నిజమునకు వేరు కాదు. భూమిలోపల అడ్డముగా ప్రాకు కాండము. దీనికి సంస్కృతమున శృంగవేరమని పేరు. గ్రీకుల జింగిబెరిస్, లాటినులోని జింజిబెర్ ఈ జాతి మాటలే. దీనికి మూలము దక్షిణదేశపు భాషలలో నున్నదని భాషావేత్తల అభిప్రాయము: తమిళములో అల్లమునకు ఇంజి అని పేరు, తుదనున్నది మన 'వేరు' అను పదమే. 1807లో విలియం రాస్కో అను ఆంగ్లేయుడు దీనికి జింజిబెర్ అఫిసినాలె అను శాస్త్రీయనామము పెట్టెను. 'అఫిసినాలె' అను మాట మందులకొట్టునకు సంబంధించినదను అర్థము నిచ్చును.

ఎండిన అల్లమగు శొంఠికి ఆయుర్వేదమున విశ్వభేషజము, మహౌషధము అను గొప్ప పేర్లు కలవు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటుకము అనేక యోగములలో చేరును. ఇట్టి పేర్లను చూచి, మన పూర్వులు శొంఠిని మధుమేహమునకు ముఖ్యమైన మందుగా వాడిరని కొందరు తలంతురు. అది సరికాదు. శొంఠి ప్రధానముగా జఠరదీప్తికి, వాతమునకు, కఫమునకు వాడబడినది. ప్రమేహమునకు చెప్పిన వస్తువులలో ప్రముఖమైనవి పసుపు, ఉసిరిక, శిలాజతువు, ఆహారములో యవలు. శొంఠి ఆ యోగములలో చేరినను, అది ప్రక్కవాద్యమే గాని ప్రధానగానము కాదు.

కనుక "వేలయేండ్లుగా చక్కెర వ్యాధికి అల్లము వాడుచున్నారు, అదియే ప్రమాణము" అను వాదమునకు చరిత్రలో బలము తక్కువ. అల్లమునకు రక్తములోని చక్కెరతోగల సంబంధమును గూర్చిన విచారణ ముఖ్యముగా గత కొన్ని దశాబ్దములలో జరిగినది. అట్టి విచారణ ఎట్లు నడువవలెనో తెలియుటకు మరియొక మొక్క చరిత్ర మనకు సహాయపడును.

ఒక మొక్క మందైన విధము

ఐరోపాఖండమున గలేగా అఫిసినాలిస్ అను మొక్క కలదు. ఇది చిక్కుడు కుటుంబమునకు చెందినది; ఊదారంగు పూలు పూయును. మధ్యయుగమునుండి అచటివారు దీనిని గృహవైద్యములో పలువిధముల వాడుచుండిరి. దీనిలో గ్వానిడిన్ జాతి రసాయనములు కలవు. 1914లో టాన్రే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీని గింజలనుండి గలెజిన్ అను పదార్థమును వేరుచేసెను. 1918లో వాటనబే అను శాస్త్రజ్ఞుడు గ్వానిడిన్ కుందేళ్ల రక్తములోని చక్కెరను తగ్గించునని చూపెను. అయితే గ్వానిడిన్ విషపదార్థము. దానికి సంబంధించిన సింథాలిన్ అను మందును 1926లో రోగులకు వాడి చూడగా, చక్కెర తగ్గెను గాని కాలేయము చెడెను. ఆ మందును విడిచిపెట్టవలసివచ్చెను.

ఇంతలో 1922లోనే డబ్లిన్ నగరమున వెర్నర్, బెల్ అను రసాయనవేత్తలు మెట్‌ఫార్మిన్ అను పదార్థమును తయారుచేసియుండిరి. ఇది గలెజిన్‌కు దగ్గరి చుట్టము. చక్కెరను తగ్గించు గుణము దీనికి కలదని 1929లో కుందేళ్లపై తేలినను, ఇన్సులిన్ వైభవములో దీనిని ఎవరును పట్టించుకొనలేదు. 1957లో పారిస్ వైద్యుడు స్టెర్న్ దీనిని మధుమేహరోగులకు ఇచ్చి ఫలితములను ప్రకటించెను. అమెరికా దేశమున దీనికి అనుమతి లభించుట 1994లో జరిగెను. 1998లో బ్రిటనునందలి దీర్ఘకాలిక పరిశీలన ఫలితములు వెలువడి, స్థూలకాయులైన రోగులలో ఇది చక్కెరను తగ్గించుటయే గాక ఆయుర్దాయమునకును మేలు చేయునని చూపినవి. నేడు టైపు 2 మధుమేహమునకు ప్రపంచమున మిక్కిలి విరివిగా వాడబడు మాత్రలలో ఇది ఒకటి. ఆ అమ్మమ్మగారివంటి లక్షలాది రోగులు మన దేశమున దీనిని మ్రింగుచున్నారు.

ఈ కథలోని మెట్లను లెక్కింపుడు. మొదట జనుల అనుభవము. పిదప మొక్కలోని రసాయనమును వేరుచేయుట. తరువాత జంతువులపై పరీక్ష. ఆ పిమ్మట విషగుణము తొలగించు ప్రయత్నము. తుదకు మనుష్యులపై, అనేక వత్సరములు, తులనతో కూడిన పరిశీలన. గలెజిన్ వేరుపడిన నాటినుండి లెక్కించినను తుదిమెట్టు చేరుటకు 84 సంవత్సరములు పట్టెను. మధ్యలో సింథాలిన్ వంటి పొరపాటు జరిగినది. మొక్కనుండి వచ్చినదంతయు నిరపాయకరమని నమ్మువారికి ఇది హెచ్చరిక.

అల్లము ఏ మెట్టు మీద నున్నది?

మొదటి మెట్టు రసాయనశాస్త్రము. అల్లపు ఘాటునకు కారణమైన పదార్థమునకు 1879లో థ్రెష్ అను ఆంగ్లేయుడు జింజెరాల్ అని పేరు పెట్టెను. 1917లో ఇంగ్లండునందు లాప్‌వర్త్, జపానునందు నొమూరా దీని నిర్మాణమును గూర్చి పరిశోధించిరి. అల్లములో ముఖ్యమైన జింజెరాల్ అణువునందు 17 కర్బన, 26 ఉదజని, 4 ఆమ్లజని పరమాణువులు కలవు. అల్లమును ఎండబెట్టినపుడు ఈ అణువులలో కొన్ని ఒక్కొక్క నీటి అణువును కోల్పోవును. అపుడు మిగులునది 17 కర్బన, 24 ఉదజని, 3 ఆమ్లజని పరమాణువులుగల షోగాల్. జపాను భాషలో అల్లమునకు షోగా అని పేరు. దానినుండి ఈ మాట పుట్టినది. పచ్చి అల్లమునకును శొంఠికిని గుణభేదము కలదని మన వైద్యులు చెప్పినదానికి ఇట్లు రసాయనశాస్త్రములో ఒక ఆధారము దొరకినది. విద్యార్థులు ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును.

రెండవ మెట్టు జీవకణము. మనము భోజనము చేసిన పిమ్మట రక్తములోనికి చేరు గ్లూకోజులో ఎక్కువభాగమును కండరములు గ్రహించును. గ్లూకోజు కణములోనికి పోవుటకు కణపు పొరమీద ద్వారపాలకులవంటి ప్రోటీనులు కలవు. ఇన్సులిన్ ఆజ్ఞనిచ్చినపుడు కణము లోపలనున్న ఈ ద్వారపాలకులు పొరమీదికి వచ్చి గ్లూకోజును లోనికి పంపును. 2012లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమువారు, గాజుపాత్రలో పెంచిన ఎలుక కండరకణములకు జింజెరాల్ తగిలించి చూచిరి. ఇన్సులిన్ లేకున్నను ద్వారపాలకులు పొరమీద అధికమయ్యెను. కణములు ఎక్కువ గ్లూకోజును గ్రహించెను. ఇది ఆశ గొలుపు ఫలితము. కాని గాజుపాత్ర మానవశరీరము కాదు. మనము త్రాగిన కషాయములోని జింజెరాల్ ప్రేవులను, కాలేయమును దాటి కండరమునకు చేరునప్పటికి ఎంత మిగులునో వేరుగా తెలిసికొనవలెను.

మూడవ మెట్టు జంతువులు. 2004లో అహమ్మదాబాదు పరిశోధకులు మధుమేహము కల్పింపబడిన ఎలుకలకు ఆరు వారములు అల్లపురసము ఇచ్చిరి. చక్కెర తగ్గెను. అయితే వారు ఇచ్చినది కిలో బరువునకు రోజునకు 4 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషికి బరువునుబట్టి నేరుగా లెక్కించిన అది 240 మిల్లీలీటర్లగును. అనగా ఒక పెద్ద గ్లాసెడు రసము! ఎలుక లెక్కను మనిషికి ఇట్లు నేరుగా అన్వయింపరాదు. అయినను ఎలుక ఫలితమును విని మన కషాయమునకు అదే బలము నంటగట్టరాదని ఈ గుణకారము తెలుపుచున్నది.

మన హైదరాబాదులో కూడ ఈ విషయమున పరిశోధన జరిగినది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, తరువాత హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందిన సంస్థ మనకు కలదు. మధుమేహరోగులకు కంటిలో శుక్లము త్వరగా వచ్చుట ఎరిగినదే. చక్కెర అధికమైనపుడు అది కంటి కటకములోని ప్రోటీనులకు అంటుకొని వానిని చెరచును. ఈ సంస్థవారు మధుమేహముగల ఎలుకల ఆహారములో అల్లపుపొడిని కలిపిరి. ఆ ఎలుకలలో శుక్లము ఆలస్యముగా ఆరంభమై, నెమ్మదిగా ముదిరెనని 2010లో ప్రకటించిరి. దీనివలన అల్లమును గూర్చి ఒక క్రొత్త ప్రశ్న పుట్టినది: అది చక్కెరను తగ్గించునా అనునది ఒకటి, చక్కెర చేయు హానిని తగ్గించునా అనునది వేరొకటి. ఈ రెంటిని కలిపివేయరాదు.

నాలుగవ మెట్టు మానవుడు

మనుష్యులపై పరీక్ష చేయుట కష్టము. కషాయము త్రాగువాడు, ఆరోగ్యముపై శ్రద్ధ కలిగి, అన్నము తగ్గించి, నడకయు సాగించును. చక్కెర తగ్గినచో గొప్పతనము శొంఠిదా, నడకదా? అందువలన రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజింతురు. ఒక వర్గమునకు అల్లపుపొడి నింపిన గుళికలు, రెండవ వర్గమునకు చూచుటకు అట్లేయుండు ఉత్తుత్తి గుళికలు ఇత్తురు. ఎవరు ఏది మ్రింగుచున్నారో రోగికి గాని, పరీక్షించు వైద్యునికి గాని తెలియనీయరు. ఈ పద్ధతిలో ఆశకును భ్రమకును తావు తక్కువ.

1997లో ప్రకటింపబడిన ఒక భారతీయ పరిశీలనలో, గుండెజబ్బుగల రోగులకు రోజునకు 4 గ్రాముల అల్లపుపొడిని మూడు మాసములు ఇచ్చిరి. రక్తములోని చక్కెరలో మార్పు కనిపింపలేదు. పిమ్మట ఇరాను దేశమున టైపు 2 మధుమేహరోగులపై పెక్కు పరీక్షలు జరిగినవి. 2013లో ప్రకటించిన ఒక పరీక్షలో 64 మంది రోగులు పాల్గొనిరి. రోజునకు 2 గ్రాముల చొప్పున రెండు నెలలు వాడగా, ఇన్సులిన్ పనిచేయు తీరు మెరుగుపడెను. కాని పరగడుపు చక్కెరలో చెప్పదగిన మార్పు లేదు. 2014లో ప్రకటించిన మరియొక పరీక్షలో రోజునకు 1.6 గ్రాముల చొప్పున పన్నెండు వారములు ఇయ్యగా, పరగడుపు చక్కెర తగ్గెను; గత రెండుమూడు నెలల సగటును తెలుపు గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ కూడ తగ్గెను. ఆ సంవత్సరమే యాజ్ద్ నగరమునందలి 88 మంది రోగులపై పరీక్ష ఫలితములు వెలువడెను. రోజునకు 3 గ్రాముల చొప్పున ఎనిమిది వారములు వాడినవారి పరగడుపు చక్కెర సగటున 10.5 శాతము తగ్గినది.

ఈ చివరి లెక్కను కొంచెము నిలిచి చూడవలెను. ఆ పరీక్షలోనే ఉత్తుత్తి గుళికలు మ్రింగినవారి చక్కెర 21 శాతము పెరిగినది. ఎనిమిది వారములలో అంత యేల పెరిగెను? తులనకై నిలిపిన వర్గమే ఇట్లు కదలినపుడు, రెండు వర్గముల నడుమ కనిపించు భేదమంతయు అల్లమువలననే కలిగినదని చెప్పుటకు జంకవలసియున్నది. ఇట్లే, తక్కువ మోతాదు ఇచ్చినచోట గుణము కనిపించుట, ఎక్కువ ఇచ్చినచోట కనిపింపకుండుట కూడ ఆలోచింపదగిన విషయము. అల్లములోని జింజెరాల్ పాళ్లు నేలనుబట్టి, రకమునుబట్టి, ఆరబెట్టిన తీరునుబట్టి మారును. జహీరాబాదు అల్లమును, పాడేరు అల్లమును ఒకే మందుగా లెక్కింప వీలులేదు. మాత్రలో 500 మిల్లీగ్రాములనిన 500 మిల్లీగ్రాములే; శొంఠికొమ్ములో అట్టి హామీ లేదు. పైగా ఈ పరీక్షలన్నియు కొద్దిమందిపై, కొద్ది నెలలు జరిగినవి. మెట్‌ఫార్మిన్ ఎక్కిన చివరిమెట్టు, అనగా అనేక వత్సరముల పరిశీలన, అల్లము ఇంకను ఎక్కలేదు.

ఒక సంగతి మాత్రము మరువరాదు. ఈ పరీక్షలలో పాల్గొన్న మధుమేహరోగులకు అల్లమును మాత్రలకు బదులుగా ఇచ్చి చూడలేదు. వారు వాడుచున్న చికిత్సకు తోడుగా ఇచ్చిరి.

బాలికకు జవాబు

ఇపుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు కారణముతో కూడ జవాబు చెప్పవచ్చును. అల్లమునకు రక్తములోని చక్కెరపై కొంత ప్రభావము ఉండవచ్చును. అది చిన్నది, నిలకడ లేనిది, ఇంకను విచారణలో నున్నది. వంటలో అల్లము వాడుకొనుటకు అభ్యంతరము లేదు. పరీక్షలలో ఇచ్చిన 3 గ్రాముల పొడి సుమారు 15 గ్రాముల పచ్చి అల్లమునకు సమానము; ఏలయనగా పచ్చి అల్లములో సుమారు 80 శాతము నీరే. అయితే పెసరట్టులోనికి చేయు అల్లపు పచ్చడిలో బెల్లము పడును. అల్లపు మురబ్బా సగము చక్కెరయే. వానిని మందని తినువారు శత్రువునే ఇంటికి పిలుచుకొన్నవారగుదురు. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారును, చక్కెర త్వరగా పడిపోవు స్వభావము గలవారును అల్లపుపొడిని మందుగా వాడదలచినచో ముందు వైద్యునికి చెప్పవలెను.

మాత్రలు మానుట మాత్రము తగదు. ఇన్సులిన్ సూదిమందు మీద బ్రదుకు టైపు 1 రోగి దానిని మానినచో కొద్దిదినములలోనే ప్రాణాపాయము కలుగును. లియొనార్డ్ థాంప్సన్‌కు ముందున్న కాలమునకు తిరిగిపోవుట అది. టైపు 2 రోగికి అపాయము అంత త్వరగా కనిపింపదు. నొప్పి యుండదు. కన్ను, మూత్రపిండము, పాదము చప్పుడు లేకుండ చెడుచుండును. ఆ నిశ్శబ్దమే మనుష్యుని మోసగించును. "కషాయము త్రాగుచున్నాను, బాగుగనే యున్నాను" అను మాట అందువలననే పుట్టును. బాగుగ ఉన్నదో లేదో చెప్పవలసినది రక్తపరీక్షయే.

మరునాడు ఆ బాలికతో ఇంతయు చెప్పి, అమ్మమ్మగారికి కషాయము మానుమని చెప్పనక్కరలేదనియు, మాత్రలు తిరిగి మొదలుపెట్టుటకు ఆమెను వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపొమ్మనియు సలహా ఇచ్చితిని. వారము దినముల తరువాత ఆమె వచ్చి, పరగడుపు పరీక్ష చేయించితిమనియు, చక్కెర మిక్కుటముగా నున్నందున వైద్యుడు మాత్రలు మరల ఆరంభించెననియు చెప్పెను. అమ్మమ్మగారు కషాయము మాత్రము విడువలేదట. అయితే అందులో బెల్లము వేయుట మానినదట.